వేలు చూపిన పిందె

హోసూరు, 1982 ఫిబ్రవరి 21, ఆదివారం.

మా పక్కింటి అక్క పోయిన సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. ఆమె దొడ్లో కాసిన సొరకాయ తినని ఇల్లు మా వీధిలో లేదు గనుక మీకందరికీ ఈ కబురు తెలిసే ఉంటుంది. ఆమె మంచితనం గురించి మీరంతా చెప్పుకుంటున్నారు. అది నిజమే. మిగతాది నేను రాయాలి. రేపు ఆ దొడ్లో హద్దురాళ్ళు పాతుతారు.

మా రెండు దొడ్ల మధ్య గోడ లేదు. గోరింటాకు కంచె, అందులో మనిషి దూరేంత సందు. ఏటా మాఘమాసంలో, చలి తగ్గుముఖం పట్టగానే, ఒక పొద్దున మంచు విడిపోయాక ఇద్దరం రెండు దొడ్లూ తిరిగి ఏది బతికిందో ఏది పోయిందో చూసేవాళ్ళం. ఎండిన కొమ్మ కనిపిస్తే నేను కొట్టెయ్యమనేదాన్ని. ఆమె బొటనవేలి గోరుతో బెరడు గీరి, లోపల పచ్చదనం ఉందా అని చూసేది.

"ఆకు చూసి తీర్పు చెప్పొద్దమ్మా. నీకు అన్నిటికీ తొందరే" అని ఎగతాళి చేసేది. లోపల కూడా ఎండిపోయి ఉంటే నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఆమెకు ఒక పట్టింపు ఉండేది. లేత పిందెను వేలితో చూపితే కుళ్ళి రాలిపోతుందని. తాను గడ్డంతోనే చూపేది. మా మనవరాలు ఒకసారి వేలు చాపితే, దోషం పోవాలని ఆ వేలు కొరుక్కునేదాకా వదల్లేదు.

ఈసారి దొడ్లు తిరిగి పదిహేను రోజులైంది. ప్రతి మొక్క దగ్గరా ఒకటే మాట.

"ఈడ ఎండ చాల్లేదమ్మా, నీ పక్క నాటుకో."

"ఇన్నేళ్ళూ చాలిన ఎండ ఇప్పుడెందుకు చాలదక్కా?"

"చెట్లకీ ముసలితనం వస్తుంది, నాకొచ్చినట్టే."

రోజా కొమ్మలు, మల్లె అంటు, డెంకణికోట నుంచి ఎప్పుడో తెచ్చుకున్న సొరవిత్తనాలు, అన్నీ నా దొడ్లోకి వచ్చాయి. మల్లె అంటు తానే నాటింది. చివరికి సొరపాదు దగ్గర నిలబడి, తన దొడ్డి పొడవునా చూపుడువేలు చాచింది. అది తిన్నగా పిందెల మీదుగా పోయింది.

"అక్కా! వేలు!"

"పోతే పోనీలేమ్మా."

వయసు మతిమరుపనుకున్నాను.

మొన్న ఆమె కూతురు చెప్పింది. "అమ్మ కిందటి ఉగాదికే దొడ్డి అమ్మేసింది చిన్నమ్మా, బర్గూరులో మా ఇల్లు కట్టేదానికి. ఈడ ఫ్యాక్టరీవాళ్ళకు అద్దెగదులు లేపుతారంట. నీకు చెప్పినావా అని నేనూ అమ్మను అడిగినాను. చెప్తాలే అనింది."

"చెప్పలేదే."

"నువ్వు అరుస్తావని భయపడినట్టుంది."

అరిచేదాన్నే. ఆమె దొడ్డి, ఆమె ఇష్టం. అందులో నాకు హక్కు లేదు. కానీ ఏడాదిపాటు రోజూ ఆ సందులోంచి వచ్చి, నా వరండాలో కాఫీ తాగుతూ, వచ్చే ఏడు పందిరి ఎక్కడ వెయ్యాలని నాతో వాదించింది. లేని దొడ్లో పందిరి! నా అరుపొకటి భరించలేనంత పరాయిదాన్నా? చెప్పవలసిన మాట చెప్పకుండా మొక్కలిచ్చి పోయింది. వాటిలో ఏది చూసినా నాకు కోపమే వస్తోంది.

ఇక జరగవలసినవి:

1. రాళ్ళు పాతే మనుషులు రాకముందే ఆమె వైపు మిగిలిన కరివేపాకు పిలకలు తవ్వి తేవాలి.

2. సొరకాయలు కోసి వీధిలో పంచాలి. వేలు చూపిన పిందెల్లో ఒక్కటీ రాలలేదు.

3. కంచె సందు నేనే మూయాలి. గోడ కట్టేవాళ్ళకు ఆ పని వదలను.

4. ఆమె నాటిన మల్లె అంటు ఆకంతా రాల్చింది. పీకెయ్యాలనే ఈ పొద్దున వెళ్ళి, గోరుతో గీరాను. సన్నటి పచ్చగీత. పూటకో చెంబు నీళ్ళు పొయ్యాలి.