ఒడ్డు దాటని అధ్యక్షుడు

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు నేను రాజనీతి శాస్త్రం చెబుతాను. ఏటా రాష్ట్రపతి పాఠం దగ్గరికి వచ్చేసరికి క్లాసు సగం నిద్రలోకి జారుకుంటుంది. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటేసి ఎన్నుకుంటారు, రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకుంటారు, బిల్లు నచ్చకపోతే ఒక్కసారి మళ్లీ ఆలోచించమని తిప్పి పంపగలరు, అదే బిల్లు మళ్లీ వస్తే సంతకం పెట్టాల్సిందే. ఇంతవరకూ చెప్పగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు "మరి ఆయన ఉండి ఏం లాభం మేడమ్?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఈసారి నేను నోరు తెరిచేలోపే గౌరి లేచింది. నౌపడ అవతల సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. "మా ఊర్లో బోట్ల సంఘానికీ అలాంటి ప్రెసిడెంటే ఉంటాడు మేడమ్. పవర్లేవీ ఉండవు. ఆదివారం ఎన్నిక, మా నాన్న నిలబడ్డాడు, వచ్చి చూడండి" అంది. పాఠం ఎలాగూ ఎవరూ వినడం లేదు, పోయి చూసొద్దామనిపించింది.

శ్రీకాకుళం నుంచి రెండు దారులున్నాయి. కాంప్లెక్సులో టెక్కలి బస్సెక్కి అక్కడి నుంచి ఆటో పట్టుకోవచ్చు. లేదా ఆమదాలవలస వెళ్లి ప్యాసింజరు ఎక్కితే గంటకు అటూఇటూగా నౌపడలో దిగొచ్చు. నాకు కిటికీ పక్కన కూర్చోవడం ఇష్టం కాబట్టి పొద్దున్నే రైలే ఎక్కాను. టికెట్టు బస్సు కంటే చాలా చవక. నౌపడ దాటగానే రోడ్డుకు రెండు వైపులా ఉప్పు మడులు, కళ్లు చికిలించి చూడాల్సినంత తెలుపు. చలవ కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి నన్ను నేనే తిట్టుకున్నాను. షేర్ ఆటో అయితే ముప్పై రూపాయల్లో పోతుంది గానీ, ఆదివారం జనం లేక మొత్తం ఆటో నేనే మాట్లాడుకోవాల్సి వచ్చింది, రెండు వందలు.

ఎందుకొచ్చానో చెబితే డ్రైవరు వెనక్కి తిరిగి మరీ చూశాడు.

"ఆ ఎన్నిక్కా మేడమ్? గెలిసినోడు ఏడాదంతా సముద్రం మీదకి ఎల్లకూడదు. ఆ సంగతి సెప్పిందా మీ గుంట?"

గౌరి చెప్పలేదు. "ఎందుకెళ్లకూడదు?" అని అడిగాను.

"బోట్లన్నీ నీటి మీదుంటే ఒడ్డునొకడు ఉండాల కదేటి? ఆడే పెసిడెంటు" అని, ఇంతకంటే చెప్పడానికేముందన్నట్టు గేరు మార్చాడు.

చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి. గౌరి నాన్న సింహాచలం ఒక బోటు నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మీసం నెరిసింది గానీ భుజాలు కుర్రవాడివే. పదవి వస్తే ఏం చేయాలో ఆయన్నే అడిగాను. నిషేధం అయిపోయాక మొదటి బోటుకు కొబ్బరికాయ కొట్టాలి. ఆఫీసర్లు వస్తే శాలువా కప్పాలి. మీటింగులో పెద్ద కుర్చీలో కూర్చోవాలి, నిర్ణయం మాత్రం కమిటీది. నచ్చకపోతే ఒకసారి "మళ్లీ సూసుకోండి" అనొచ్చు, అంతే. నా పాఠం నాకే ఎవరో తిరిగి అప్పజెబుతున్నట్టు అనిపించి నవ్వొచ్చింది.

"మీకు ఇష్టమేనా?" అన్నాను.

"ఇష్టమేటి మేడమ్, నలుగురూ నిలబెట్టినారు. మీసాలు రాకముందు నించీ బోటు మీదే బతికినాను. ఒడ్డున కూకుంటే ఒకపూటకే కాళ్లు లాగుతాయి నాకు."

భోజనం వాళ్లింట్లోనే. పచ్చి చేప లేదని గౌరి తల్లి నీలమ్మ తెగ నొచ్చుకుంది గానీ, వంకాయ వేసి వండిన ఎండు నెత్తళ్ల కూరతో నేను సిగ్గు లేకుండా మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. "ఓడిపోవాలని గంగమ్మకి మొక్కినాను" అంది ఆవిడ వడ్డిస్తూనే. "ఏడాదంతా ఇంట్లో ఉంటే నా పేనం తీసేస్తాడు." నవ్వుతూనే అంది గానీ, ఆయన వల వైపు చూసే చూపు ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

పోటీ ఉన్నది దానయ్యతో. ఆయన బోటు అమ్మేసి టెక్కలిలో వలలు, తాళ్ల దుకాణం పెట్టుకున్నాడు. చక్కగా మాట్లాడతాడు, ఇస్త్రీ చొక్కా నలగదు. సముద్రం మీదకు వెళ్లొద్దంటే ఆయనకు పోయేదేమీ లేదు. నిజం చెప్పొద్దూ, ఆ పెద్ద కుర్చీకి ఆయనే సరిపోతాడని నేనూ అనుకున్నాను.

ఎండ తగ్గాక ఎన్నిక మొదలైంది. ఇక్కడ ఓటు మనిషిది కాదు, బోటుది. బోటు మీద పనిచేసేవాళ్లంతా ముందే మాట్లాడుకుని, తమ వల నుంచి ఊడదీసిన బెండు ఒకటి తెస్తారు. వలను నీటి మీద తేల్చే ఆ బెండును అందరూ చూస్తుండగా ఇద్దరిలో ఒకరి గంపలో వేస్తారు. పోటీలో ఉన్నవాడి బోటు ఆఖరున రావాలి, వాడు తన బెండును ఎదుటివాడి గంపలోనే వేయాలి. అది ఇక్కడి మర్యాద. ఆ సంగతి గౌరి నా చెవిలో చెప్పేసరికి రెండు గంపలూ సమానంగా ఉన్నాయి. దానయ్యకు బోటు లేదు. మిగిలింది సింహాచలం బెండు ఒక్కటే.

నీలమ్మ ముఖం తేటపడింది. ఇంకేముంది, మర్యాద ప్రకారం దానయ్య గంపలో వేస్తాడు, నిషేధం ముగియగానే ఎప్పటిలా వేటకు పోతాడు. సింహాచలం లేచాడు. దానయ్య గంప దగ్గర ఆగాడు. ఆగి, దాన్ని దాటి వెళ్లి, తన గంపలోనే వేసుకున్నాడు.

"అదేటి బావా!" అన్నారెవరో. దానయ్య ముఖం నల్లబడింది.

"మర్యాద తప్పినాను, ఒప్పుకుంటాను దానయ్యా" అన్నాడు సింహాచలం. తర్వాత పాత అధ్యక్షుడు లచ్చయ్య వైపు చెయ్యి చూపించాడు. "కిందటేడు గాలివానకి నా ఇంజను ఆగిపోయి రాలేకపోయినాను. ఇక్కడ ఆడోలందరూ ఈయన ముఖమే సూసినారంట. ఈయన ఒడ్డునించి కదిలితే నాను పోయినట్టేనని, అప్పుడు ఏడుద్దామని. రాత్రీ పగలూ ఈయన కదల్లేదు, ఆ ఆడోలూ ఏడవలేదు. దానయ్యా, నువ్వు మంచోడివే. గాని నీకు టెక్కల్లో కొట్టున్నాది. గాలి లేసిన రోజున నువ్వెక్కడుంటావో నాకు తెలీదు. అందుకని నానే ఉంటాను."

దానయ్య తనే వచ్చి సింహాచలం మెడలో దండ వేశాడు. ఆ పెద్దరికం చూసి ఆయన మీద నాకున్న మంచి అభిప్రాయం ఇంకా పెరిగింది. నీలమ్మ మాత్రం లేచి ఇంటికి వెళ్లిపోయింది. సింహాచలం బాగుచేస్తున్న వలను మడిచి, బోటు మీదికి ఎక్కకుండా కిందనుంచే పైనున్న బావమరిదికి అందించాడు. నిషేధం ముగియడానికి ఇంకా చాలా రోజులున్నాయి, ఎక్కినా ఎవరూ తప్పు పట్టరు. ఆయన ఎక్కలేదు.

తిరుగు రైల్లో నేను ఇదే ఆలోచిస్తూ కూర్చున్నాను. అధికారం లేని పదవంటే ఇన్నాళ్లూ నేను ఏమేం లేవో లెక్కచెప్పి పాఠం ముగించేదాన్ని. నిర్ణయాలు చేసేవాళ్లు వేరే ఉండవచ్చు, కానీ భయం వేసిన రోజున జనం తలెత్తి చూడడానికి కదలకుండా ఒక మనిషి కావాలి, అతను దానికోసం తన ఇష్టాన్ని వదులుకున్నవాడై ఉండాలి. ఆ మనిషిని నేను కళ్లారా చూశాను, నాకు చాలా గౌరవం కలిగింది.

మీరూ వెళ్లేట్టయితే జూన్ మధ్యలో, నిషేధం ఎత్తేసిన రోజున తెల్లవారకముందే ఒడ్డుకు చేరండి. బోట్లన్నీ ఒకేసారి నీళ్లలోకి దిగడం చూసి తీరాల్సిందే. అన్నీ వెళ్లిపోయాక ఇసుక మీద ఒకాయన మిగిలిపోయి కనిపిస్తాడు. నమస్కారం పెట్టండి, టీ తాగుదామని పిలవండి. మీరు వేటకు వెళ్లలేదా అని మాత్రం అడగకండి.