బతికినోడి కత్తి

మా వాళ్ళలో పెళ్ళి మాటలకు మగవాడు రాలేకపోతే అతని కత్తి వెళ్తుంది. దాన్ని పసుపు బట్టలో చుట్టి, తమలపాకులతో పళ్ళెంలో పెట్టి, పిల్ల ఇంట్లో దేవుడి మూల ఉంచుతారు. ఆ రోజు నుంచి పిల్లకు మాట అయిపోయినట్టే. మగవాడు వచ్చి తన కత్తి తాను తీసుకునేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. పాళెగాళ్ళ కాలంలో యుద్ధాలకు పోయేవాళ్ళ కోసం పుట్టిన ఆచారమని మా అమ్మ అంటుంది. నాకు తెలిసినంతలో మా ఇంట్లో యుద్ధానికి పోయినవాడు ఎవడూ లేడు, అందరూ మామిడి తోటకు పోయినవాళ్ళే. ఎన్ని తరాలకో నేనొక్కణ్ణి సిపాయినైతే, నా పేరున వెళ్ళిన కత్తే తప్పు కత్తి అయింది.

మాది తమిళ సీమలో పెరియకుళం దగ్గర. నాన్న పోయాక తోట పని నేనూ అమ్మా చూసుకున్నాం. నేను మనసుపడ్డ పిల్లది సూలూరు. దగ్గరి పట్నంలో, గాంధీపురంలో ఒక చీరల కొట్లో పని. మాకు దూరపు చుట్టం, నాకు మరదలి వరస. ఒక పెళ్ళిలో నా ఆకులో రెండుసార్లు ఉప్పు వడ్డించి, ఇంత ఉప్పేసినా ఇంకా తింటున్నాడే అని నవ్వింది. అక్కడ మొదలైంది. నేను పట్టాళంలో చేరానని చెప్పినప్పుడు కూడా ఆమె ఏడవలేదు. సూలూరులో మిలిటరీ విమానాలు మా ఇంటి మీదే పోతాయి, అందులో చేరివుంటే మిద్దె మీద బట్టలు ఆరేస్తూ చూసుకునేదాన్ని కదా, నీకు తెలివి లేదు అంది.

ట్రైనింగ్ అయ్యాక సెలవులో వచ్చి వాళ్ళింట్లో అడగాలని మా ఇద్దరి లెక్క. ఆ లెక్కకు అడ్డం ఆమె మేనమామ కొడుకు. మా వాళ్ళలో మేనమామ కొడుక్కి పిల్ల మీద ఉరిమై ఉంది, అంటే మొదటి హక్కు. అతనికి నాలుగు పవర్‌లూమ్‌లు ఉన్నాయి, తాగడు, మర్యాదస్తుడు. చెడ్డవాడైతే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

ఉత్తరాన మా క్యాంపు. పొద్దున్నే పరుగు, తర్వాత డ్రిల్, తర్వాత రైఫిల్. మాకు నేర్పే హవల్దార్‌ను ఉస్తాద్ అంటాం. మా ఉస్తాద్‌ది శ్రీకాకుళం. నా తెలుగు వినగానే, ఇది మా ముత్తాతల నాటి తెలుగురా, ఎక్కడ దాచారు మీరు, అని నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. చదవడం రాయడం తమిళంలోనే అయినా, ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా, దానికి కూడా లైసెన్సు కావాలా?

మా ఫోన్లు క్యాంపు వాళ్ళ దగ్గరే ఉంచుకుని ఆదివారం ఒక్కపూట ఇచ్చేవారు. మా ట్రైనింగ్ సగంలో సరిహద్దు వేడెక్కింది. మాటల తీరు మారింది. డ్రిల్ తగ్గించి గుంటలు తవ్వించడం పెంచారు, ట్రైనింగ్ కురచ చేస్తారని వార్త వచ్చింది. అప్పటిదాకా ఆటలా ఉన్నది ఆటలా లేకుండా పోయింది. మెస్‌లో అన్నం దగ్గర కూడా ఎవడూ జోకులు వేయడం లేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆమె ఫోన్‌లో చెప్పింది. యుద్ధం వచ్చేలా ఉంది, సిపాయికి పిల్లనెవరు ఇస్తారని మేనమామ పట్టు పట్టాడట. ఈ శుక్రవారం కాక పై శుక్రవారం పరిసం పెట్టడానికి వస్తున్నారట. పరిసమంటే నిశ్చయానికి చీరా పళ్ళేలూ తేవడం, అది పెడితే ఇక పెళ్ళి అయినట్టే. మీ అమ్మతో నీ కత్తి పంపించు, మిగతాది నేను చూసుకుంటాను అంది. వెంటనే అమ్మకు ఫోన్ చేసి, నా కత్తి తీసుకుని వెళ్ళమన్నాను.

నా కత్తి ఇంట్లో లేదు. అది నాకు గుర్తే లేదు. మామిడి అంట్లు కట్టే నా చిన్న కత్తి ఎప్పుడూ నా జేబులో ఉండేది, అలవాటుకొద్దీ దాంతోనే క్యాంపుకు వచ్చాను. గేటు దగ్గర దాన్ని లాక్కుని, నా నంబరు కట్టి స్టోర్‌లో పడేశారు. పాపం అమ్మ ఇల్లంతా వెతికింది. దొరక్క, అటక మీది నాన్న మచ్చుకత్తిని దించి, తోమి, పసుపు బట్టలో చుట్టి సూలూరు తీసుకెళ్ళింది. నాన్న పోయాక దాంతో కొమ్మలు నరికింది నేనే కదా, ఇక అది నాదే కదా అని అమ్మ అనుకుంది. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

ఆమె అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ ఇంట్లో పూజారి ఎవరంటే ఆమె అవ్వ. బట్ట విప్పి, పిడికి చుట్టిన పాత రాగి తీగ చూసి, ఇది ఎవరిదని అడిగింది. అమ్మకు అబద్ధం రాదు.

పై ఆదివారం అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ అవ్వ అన్న మాట చెప్పింది. "ఇది చచ్చినోడి కత్తి. యుద్ధానికి పోయినోడి పేరు చెప్పి చచ్చినోడి కత్తి తెస్తారా? నా మనవరాల్ని నేను ఎవరికి ఇయ్యాల?"

కత్తి ఏమైందని నేను అడగలేదు. ఆ కత్తి మీద నాకు అప్పటికే అసహ్యం పుట్టింది. ఆమెకు ఫోన్ చేద్దామనుకునేలోగా ఫోను తిరిగి ఇచ్చేసే వేళ అయింది. గోరుచుట్టు మీద రోకటి పోటులాగా, ఆ సాయంత్రమే మమ్మల్ని వరసగా ఫాలిన్ చేయించి, మళ్ళీ చెప్పేదాకా ఎవరికీ ఫోన్లు లేవన్నారు.

తర్వాతి రోజులు ఎలా గడిపానో సరిగా చెప్పలేను. గడ్డి బస్తాలు వేలాడదీసి, రైఫిల్ మొనకు బిగించిన బాయినెట్ కత్తితో పొడవడం నేర్పేవారు. పొడిచేటప్పుడు గట్టిగా అరవాలి. నేను అరిచేవాణ్ణి గానీ, చేతిలోని బాయినెట్ చూసిన ప్రతిసారీ అవ్వ మాట చెవిలో పడేది. నాకు చావంటే భయం లేదని అబద్ధం చెప్పను. అంతకుముందు ఆ భయం పేరు లేకుండా ఎక్కడో ఉండేది. అవ్వ దానికి పేరు పెట్టింది. నేను చచ్చినవాళ్ళ వరసలో చేరిపోయినట్టూ, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి నాకు చెప్పనట్టూ అనిపించేది.

ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను. స్టోర్‌లో నా కత్తి ఉంది, దాన్ని పార్సెల్‌లో పంపనివ్వండి, లేదంటే ఒక్క నిమిషం ఫోన్ ఇవ్వండి అని అడిగాను. విషయమంతా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. క్యాంపు వదిలి పోయే రోజునే కత్తి ఇస్తారని, ఫోను ఆయన చేతిలో లేదని చెప్పాడు. ఇంట్లో ఏం జరుగుతోందో తెలియనివాడివి నువ్వొక్కడివేనా, ఈ బ్యారక్‌లో అందరూ అంతే, పోయి గుంట తవ్వు అన్నాడు. నాకు వచ్చిన కోపమంతా పార మీద చూపించాను. కొంతసేపటికి ఆయన వచ్చి లోపలికి తొంగిచూసి, నిన్ను దాక్కునేందుకు తవ్వమన్నాను, నీళ్ళు పడేదాకా కాదన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

పరిసం పెట్టే ఆ శుక్రవారం మాకు ఫైరింగ్. నా తూటా ఒక్కటీ టార్గెట్‌కు తగల్లేదు. శిక్షగా రైఫిల్ తల మీద పట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తాను. ఈపాటికి పళ్ళేలు వచ్చివుంటాయి, ఈపాటికి చీర ఆమె చేతిలో పెట్టివుంటారు అనుకుంటూ పరుగెత్తాను. ఆమె ఒప్పుకుంటే తప్పు పట్టే హక్కు నాకేముంది? నాకన్నా మగ్గాలు నమ్మకం. ఇలా న్యాయంగా ఆలోచించి, ఆ తర్వాత ఏడ్చాను. చెమటలో ఎవరికీ తెలియలేదు.

చుట్టాలెవరూ లేకుండానే మా కసమ్ పరేడ్ జరిగింది. ప్రమాణం చేయించి, కొద్ది రోజులు సెలవిచ్చి, అటు నుంచి అటే సరిహద్దు యూనిట్‌లో చేరమన్నారు. ఫోనూ, స్టోర్‌లోని కత్తీ చేతికొచ్చాయి. రైలెక్కాక ఆమెకు ఫోన్ చేయవచ్చు. చేయలేదు. అయిపోయింది బావా అని ఆమె అంటే, రైల్లో పరుగెత్తడానికి మైదానం కూడా ఉండదు. అమ్మకు మాత్రం చేసి, వస్తున్నానని చెప్పి, పరిసం మాట ఎత్తవద్దన్నాను.

రైలు దిగి నేరుగా గాంధీపురంలో చీరల కొట్టుకు వెళ్ళాను. ఆమె రాలేదని, ఇంట్లో పని ఉందని సెలవు పెట్టిందని చెప్పారు. ఇంట్లో పనంటే ఏమిటని అడిగే ధైర్యం లేదు. సూలూరు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళాను.

వాళ్ళ వాకిట్లో పందిరి లేదు, మామిడి తోరణం లేదు. ఆమె అరుగు మీద పీట వేసుకుని పచ్చి మామిడికాయలు కొడుతోంది, ఊరగాయకు. చేతిలో మా నాన్న మచ్చుకత్తి. రాగి తీగ మెరుస్తోంది. పక్కన నులక మంచం మీద అవ్వ అటు తిరిగి కూర్చుంది. ఆమె నన్ను చూసి కత్తి కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది. ఇంత నల్లబడ్డావే అంది.

జరిగింది అప్పుడు చెప్పింది. అమ్మ ఏడుస్తూ కత్తి తీసుకుని పోబోతే, దాన్ని అమ్మ చేతిలోంచి లాక్కుందట. శుక్రవారం మేనమామ వాళ్ళు పళ్ళేలతో వచ్చేసరికి, ముందు గదిలో నేల మీద కూర్చుని ఈ కత్తితో మునక్కాయలు తరుగుతోందట. వాళ్ళను చూసి కూడా తరగడం ఆపలేదట. పిల్ల చేతిలో వేరే ఇంటి కత్తి ఉంటే దాని అర్థం తెలియనివాళ్ళు మా వాళ్ళలో ఎవరు? మేనమామ కాఫీ తాగి, పళ్ళేలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన కొడుకు మాత్రం గడప దగ్గర ఆగి, చెయ్యి జాగ్రత్త అన్నాడట. నేననుకున్నట్టే, మర్యాదస్తుడు. అప్పటి నుంచి అవ్వ ఆమెతో మాట్లాడటం లేదు. ఆ కత్తితో తరిగింది ఏదీ నోట పెట్టడం లేదు. గంజీ మజ్జిగా తాగి ఉంటోంది.

నేను జేబులోంచి నా చిన్న కత్తి తీసి అవ్వ ముందు పెట్టాను. అవ్వా, ఇది నాది, బతికినవాడిది, దీన్ని దేవుడి మూల పెట్టండి, దాన్ని అమ్మకు ఇచ్చేస్తాను అన్నాను. ఈ మాట ఎన్ని రోజులుగా మనసులో తయారు చేసుకున్నానో. అవ్వ దానికేసి చూసింది గానీ తీసుకోలేదు. మనవరాలికి మాత్రం కోపం వచ్చింది.

"ఏ కత్తయినా మూలన పెట్టి చూస్తా కూచుంటే చచ్చినోడిదే అయితాది బావా. దీన్ని నేను ఒక్క పొద్దు కూడా ఊరికే పెట్టలే. పొద్దుపొద్దుకీ పని చేసినా. బతికినోడి కత్తికే పని వుంటాది."

ఎల్లుండి నేను వెళ్ళాల్సింది ఎక్కడికో ఆమెకు తెలుసు. తెలిసే అంటోంది. క్యాంపులో ఇన్నాళ్ళూ నన్ను నేను చచ్చినవాళ్ళలో కలుపుకుంటూ ఉంటే, ఇక్కడ ఈమె రోజూ ఒక కూరగాయ తరిగి నన్ను బతికించుకుంటూ వచ్చింది. కన్నీళ్ళు దాచుకోవడానికి ఈసారి చెమట కూడా లేదు.

ఆమె మామిడికాయ ఒకటి పీట మీద పెట్టి, టెంకతో సహా ఒక్క దెబ్బకు రెండు చేసింది. కండ ఉన్న చోట సన్నగా ఒక ముక్క తీసి, ఉప్పూ కారం అద్ది నాకిచ్చింది. పులుపుకు నా కళ్ళు మూసుకుపోయాయి.

తెరిచేసరికి అవ్వ మంచం మీద ఇటు తిరిగి కూర్చుని ఉంది. మనవరాలి ముందు చెయ్యి చాపి, కారం తక్కువ వెయ్యి అంది.