ఇన్సాఫ్ అబ్లా ఆడిన అబద్ధం

ఈజిప్టులోని మా మిన్యా పట్టణంలో ఇన్సాఫ్ బిషారాను ఉత్త పేరుతో పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె అబ్లాయే, అంటే అక్క. నైలు అవతలి ఒడ్డున పడవ నడిపే ఆయన కూతురు. ముప్పై రెండేళ్లు ఆపరేషన్ గదిలో నర్సుగా చేసింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, సెలవు రోజున కూడా డ్యూటీ వేశారు, తీరికేదీ అనేది.

ఆసుపత్రిలో ఆమె గురించి ఒక సంగతి చెప్పుకునేవారు. ఒకసారి ఆపరేషన్ అయిపోయి పెద్ద డాక్టరు కుట్లు కూడా వేసేశాడు. రక్తం అద్దే గుడ్డల లెక్కలో ఒకటి తక్కువైందని ఈమె చెప్పింది. లెక్క సరిపోయిందని సంతకం పెట్టమని ఆయన కేకలేశాడు. ఈమె పెట్టలేదు, రోగి ఉన్న బండిని బయటికి కదలనివ్వకుండా గుమ్మంలో నిలబడింది. మళ్లీ కోసి చూస్తే గుడ్డ లోపలే ఉంది. ఆ డాక్టరు రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు.

ఉద్యోగం మానేశాక మా చర్చి సంఘం తరఫున దక్షిణ సూడాన్‌కు వెళ్లే సేవాబృందానికి ఆమె నాయకురాలైంది. ప్రతి జనవరిలో రెండు వారాలు, ఆరుగురం. ఆమెకు నాయకత్వమంటే అందరికంటే ముందు లేచి నీళ్లు కాచడం, అందరూ తిన్నాక మిగిలిన చిక్కుడుగింజల కూర తినడం. మరుగుదొడ్డి గొయ్యి కూడా తానే తవ్వడం మొదలుపెట్టేది, మేం సిగ్గుపడి పార అందుకునేదాకా. మాట మాత్రం కఠినం. అక్కడ తుపాకులవాళ్లు ఉంటారు కనుక ఫొటోలు తీయకూడదు. దిగగానే ఫోన్లన్నీ ఆమె సంచిలో వేయాలి.

నా పేరు రమ్సీ. బజారులో మాకు కళ్లజోళ్ల కొట్టుంది. ఆ ఏడాది మొదటిసారి వెళ్లాను, ఇరవయ్యారేళ్ల వాణ్ని. ఒక ఫోను సంచిలో వేసి, ఇంకోటి మేజోడులో దాచుకున్నాను.

చివరి రోజు గురువారం. వారానికొక్కసారి వచ్చే చిన్న విమానం మధ్యాహ్నం రెండింటికి రావాలి. పొద్దున్నే అచోల్ అనే ముసలామెకు కళ్లద్దాలు పెట్టాను. పదకొండేళ్లుగా ఆమెకు అంతా మసకే. మనవరాలి ముఖాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. పిల్ల నోరు తెరిపించి పళ్లు కూడా చూసింది. నాకు చేయి ఆగలేదు. ఫోను తీసి నొక్కాను.

నిమిషంలో ఇద్దరు తుపాకులవాళ్లు వచ్చి నా రెక్కలు పట్టుకున్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టి, విమానాలు దిగే మైదానం పక్కన ఉన్న గుడారంలోకి తోశారు. వాళ్ల కమాండర్ మబియోర్ పొడుగాటి మనిషి, గొంతు పెంచి మాట్లాడడు. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి నాకు చూపించాడు. అచోల్ భుజం వెనకాల మర తుపాకులు బిగించిన రెండు లారీలు స్పష్టంగా ఉన్నాయి.

ఎవరు పంపారని అడిగాడు. ఎవరూ పంపలేదన్నాను. మళ్లీ అదే అడిగాడు. మూడు గంటలు అదే ప్రశ్న. మధ్యలో అతని మనుషులు నన్ను రోడ్డు మీదుగా తమ పైవాళ్ల దగ్గరికి పంపే మాట మాట్లాడుకున్నారు. అలా వెళ్లినవాళ్ల గురించి ఆ ఊళ్లో ఎవరూ నోరెత్తరు.

గుడారం గుడ్డ సందులోంచి అబ్లా కనిపిస్తూనే ఉంది. లోపలికి రానివ్వమంటే ఆగమన్నారట. ఎండలో నేల మీద కూర్చుంది, నీడకు పొమ్మన్నా కదల్లేదు. ఒంటిగంటకు మా బృందంలోని డాక్టర్ వగీహ్ వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అబ్లా, విమానం అరగంటకు మించి ఆగదు. ఒక్కడి కోసం అందరం ఇక్కడ ఇరుక్కుంటే ఎలా?"

"మీరు నలుగురూ సామాను సర్దుకోండి డాక్టరుగారూ. ఆ ఒక్కడి సంగతి నేను చూసుకుంటాను."

ఒంటిగంటన్నర దాటాక మబియోర్ ఆమెను లోపలికి పిలిచాడు. ఫొటో చూపించి, "ఇది నువ్వు తీయమన్నావా తల్లీ?" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆమెకు తెలియదని, తప్పు నాదేనని చెప్పాల్సింది నేను. నా నాలుక కదల్లేదు.

"నేనే తీయమన్నాను. ఫోను కూడా నేనే ఇచ్చాను. మా సంఘంలో చూపిద్దామని."

"ఫొటోలు వద్దని మీవాళ్లందరికీ నువ్వే చెప్పావట కదా. మావాళ్లు విన్నారు."

"అందరూ తీస్తే గొడవని వద్దన్నాను. ఒకడు తీస్తే చాలనుకున్నాను."

మబియోర్ నమ్మాడని నాకనిపించలేదు. పైన విమానం చప్పుడు వినబడింది. అతను కత్తి తీసి నా తాడు కోశాడు. తీయమన్నదానివి నువ్వు కాబట్టి ఉండేదీ నువ్వేనని ఆమెతో అన్నాడు.

నేను నోరు తెరిచాను. అబ్లా మా పల్లె యాసలో గబగబా అంది: "నోరు మూసుకుని పోయి విమానమెక్కరా. నీ నాయకురాల్ని, చెబుతున్నా."

పోయి ఎక్కాను. దుమ్ములోంచి చూస్తే ఇద్దరు తుపాకులవాళ్ల మధ్య నిలబడి, మేం అందరం ఎక్కామో లేదో వేలితో లెక్కపెడుతోంది.

ఆ వారమంతా ఆమె నుంచి కబురు లేదు. సంఘం ఉపవాస ప్రార్థనలు పెట్టింది. నేను కొట్టు తెరవలేదు. పాస్టరుగారితో చెప్పుకుందామని రెండుసార్లు ఆయన గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చాను.

తరువాతి గురువారం విమానంలో ఆమె వచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. రోజూ అవే ప్రశ్నలు వేశారని, కొట్టలేదని చెప్పింది. రెండో రోజు నుంచి అచోల్ కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి గుడారం ముందు కూర్చునేదట. తరవాత ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన చేరారు. ఆరో రోజుకు నలభైమంది అయ్యారు, ఎవరూ ఏమీ అడగలేదు, లేవనూ లేదు. ఏడో రోజు పొద్దున మబియోర్ ఆమె సంచి ఆమెకిచ్చేసి పొమ్మన్నాడు.

ఆరాధన రోజున చర్చి నిండిపోయింది. పాస్టరుగారు సాక్ష్యం చెప్పమని ఆమెను ముందుకు పిలిచారు. ఆమె బల్ల పట్టుకుని నిలబడింది.

"నేనక్కడ అబద్ధమాడాను. దాన్ని కప్పడానికి ఇంకోటి ఆడాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఆడతానేమో, నాకు తెలీదు. అందుకని నన్ను మెచ్చుకోకండి. వచ్చే ఏడాదికి ఇంకొకరిని నాయకత్వానికి చూసుకోండి."

నా పేరెత్తలేదు. వెనక బెంచీలో మా అమ్మ పక్కన కూర్చున్న నేను లేచి, మేజోడు సంగతి నుంచి గుడారంలో నా నాలుక కదలకపోవడం దాకా అంతా చెప్పాను. చెప్పాక కూర్చోవాలో బయటికి వెళ్లాలో తెలియలేదు. అమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

పెద్దలు ఎంత బతిమాలినా అబ్లా మాట మార్చుకోలేదు. మరుసటి జనవరిలో డాక్టర్ వగీహ్ నాయకుడయ్యాడు, వేరే ఊరికి వెళ్లాం. అబ్లా వంట చేయడానికి వచ్చింది. తనకంటే పదేళ్లు చిన్నవాడైన వగీహ్ ఏం చెప్పినా అలాగే డాక్టరుగారూ అనేది. ఉప్పు ఎక్కువైందంటే కూడా అదే మాట.

ఒకరోజు పొయ్యి దగ్గర ఉల్లిపాయలు ఒలుస్తూ, ఏడాదిగా గొంతులో ఉన్నది అడిగేశాను. "ఆ రోజు గుడారంలో నన్ను అంతసేపు చూశారు కదా అబ్లా. నేను ఒప్పుకుంటానని ఎదురుచూశారా?"

"చూశాను," అంది. "తర్వాత నీ చేతుల మీద పడింది చూపు. తాడు కోసుకుపోయి వాచి ఉన్నాయి. ఇంక ఎదురుచూడలేదు."

నేను ఒలిచిన ఉల్లిపాయల గిన్నె తీసుకుని పొయ్యి వైపు తిరిగింది.