ఆ డబ్బా సీలు తీసింది నేనే

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. కానీ దాని బరువు ఎంతో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీకు చెబుతున్నాను. నువ్వెవరివో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకో. జ్ఞాపకంలో మాత్రం తప్పులుండవు.

మాది ఆళ్లగడ్డ. మా ఇంటాయన బాడుగ కారు నడుపుతాడు, నంద్యాలలో రైలు దిగినవాళ్లకు బెలుం గుహలు చూపించి తెస్తాడు. కారుకు ఏ జబ్బు చేసినా నంద్యాలలో ఖాజా అనే మెకానిక్కు దగ్గరికే పోయేవాడు. పదేళ్ల పరిచయం. ఖాజా నన్ను వదినా అనేవాడు. అయినా నాకు అతని మీద నమ్మకం కుదరలేదు. ఎందుకు? బండి అడుగున దూరి ఏం చేస్తాడో మనకు కనపడదు, బయటికొచ్చి ఏం చెబితే అదే నిజం. అది నాకు గిట్టేది కాదు. అంతకంటే కారణం లేదు.

ఆరేళ్ల కిందట, కారు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగాయన్నాడు ఖాజా. పోయినేడే కదా వేశాడు, మళ్లీనా అని ఇంటాయనకు నూరిపోసింది నేనే. చివరికి ఆయన ప్యాడ్లు మాత్రం ఖాజా దగ్గర కొన్నాడు. ఫోనులో వీడియోలు చూసుకుంటూ, మొదటిసారి తన చేత్తోనే ఇంటి ముందర మార్చడానికి పూనుకున్నాడు. డబ్బా ఉన్న సంచి నా చేతికిచ్చి, "వీటిని ఎవురూ ముట్టొద్దన్నాడు ఖాజా" అన్నాడు.

ఎందుకు ముట్టొద్దు? లోపల పాత సరుకు పెట్టి అంటించాడా? ఆయన జాకీ ఎత్తి చక్రం విప్పుతుండగా, నేను వంటింట్లోకి పోయి సీలు చించాను. నాలుగు ప్యాడ్లు. కొత్తవే. గీత కూడా లేదు. నా అనుమానానికి నాకే సిగ్గేసింది. ఆ సిగ్గులోనే అనుకుంటాను, ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా చేసే పనే దీనికీ చేశాను. పసుపు కుంకుమ పెట్టాను. ఇనుముకు నీళ్లతో పెడితే ఆరి రాలిపోతుందని ఆముదంలో కలపడం మా అత్త నేర్పింది. కుట్టుమిషనుకూ, నీళ్ల మోటారుకూ అట్లాగే పెట్టాను. ప్యాడుకు నల్లగా గరుకుగా ఉన్న వైపే మొహమనుకుని అక్కడే దండిగా పూశాను. రెండింటికి పూసేసరికి ఆయన కేకేశాడు. చూస్తే తిడతాడని కొంగుతో గట్టిగా తుడిచాను. రంగు పోయింది. నూనె పోయిందా? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. చక్రాన్ని పట్టి ఆపేది ఆ గరుకు వైపేనని నాకేం తెలుసు.

ఒక్కొక్కటే ఆయనకు అందించాను. పూసిన రెండూ ఒకే చక్రానికి పడ్డాయి.

మరుసటి రోజు నంద్యాల దారిలో బర్రె అడ్డమొస్తే ఆయన బ్రేకు తొక్కాడు. కారు ఒక పక్కకు లాగి కల్వర్టు గోడను కొట్టుకుంది. ఆయన కుడిచెయ్యి విరిగింది. కారును ఇంటికి లాక్కొచ్చాక వేరే మెకానిక్కు వచ్చి ప్యాడ్లు విప్పి, వాసన చూసి, ఒక పక్కవాటికి నూనె తగిలిందన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఇంటాయన మాత్రం, ఖాజా నూనె అంటిన పాత సరుకు అంటగట్టాడన్నాడు. కట్టు కట్టిన చేత్తోనే నంద్యాల కార్ల స్టాండుకు పోయి అందరి ముందూ అదే మాట అన్నాడు.

మూడో రోజు ఖాజా మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినా, అన్న నన్ను దొంగంటాండాడు. నువ్వన్నా చెప్పు. డబ్బాకు సీలు ఉండెనా, లేదా?"

"నన్నడుగుతావేందప్పా?"

"అన్న చూళ్లేదంట. డబ్బా తెరిచింది నువ్వే కదా."

లోపలి గదిలో ఇంటాయన పడుకుని వింటున్నాడు. నాకు తెలుసు.

"మా ఇంటికొచ్చేటప్పటికే తెరిచి ఉండె" అన్నాను.

"ఆన పెట్టి చెప్తావా?"

"తప్పు చేసింది నువ్వు. ఆన నేను పెట్టాల్నా?"

ఖాజా చెప్పులు తొడుక్కున్నాడు. "సరే వదినా. నీ మాటే ఉండనీ" అని వెళ్లిపోయాడు.

స్టాండులో డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు అతని దగ్గరికి పోవడం మానేశారు. ఏడాది తిరక్కుండా షెడ్డు మూసేశాడు. బనగానపల్లెలో ఎవరి దగ్గరో కూలికి చేస్తున్నాడని విన్నాను.

ఎందుకన్నాను ఆ మాట? మొగుడి చెయ్యి విరగ్గొట్టింది నేనేనని బయటపడుతుందన్న భయమా, లేక అన్నాళ్లూ ఖాజాను అనుమానించినందుకు అతను దొంగే కావాలని నా మనసు కోరుకుందా? భయమే అని చెప్పుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది. కానీ ఆ రెండోదే నిజమని నా అనుమానం. ఇప్పుడు నాకు అందరి మీదా అనుమానమే. వాన పట్టినప్పుడు ఆయన చెయ్యి సలుపుతుంది. ఆముదం ఉందా అని అడుగుతాడు. తెలిసే అడుగుతున్నాడా? అడిగిన ప్రతిసారీ మొహం చూస్తాను. ఏమీ దొరకదు.

ఖాజా మమ్మల్ని మోసం చేయలేదు. ఈ ఒక్క ముక్క నా చేత్తో రాయడానికి ఆరేళ్లు పట్టింది. రాశాక ఊపిరి తిన్నగా ఆడుతోంది. దీనివల్ల అతని షెడ్డు తిరిగి రాదు.

ఇంటాయన ఇప్పుడే లోపలికొచ్చాడు. "ఏంది రాస్తాండావ్?" అన్నాడు.

కాగితం ఆయన వైపు తిప్పాను.