నా జుట్టు, చిన్నత్త పళ్లు

నిన్న పొద్దున మా మనవరాలు దువ్వెన తీసి అద్దానికేసి కొట్టింది. అద్దం మూడు చెక్కలైంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, అప్పుడే పాపిట రెండువేళ్ల వెడల్పున తేలిపోయి నడినెత్తిన తోలు కనబడుతోంది. డాక్టరమ్మ రక్తం తీయించి, కడుపు స్కానింగ్ చేయించి, ఇది హార్మోన్ల తేడా, మందులు వాడితే సర్దుకుంటుంది గానీ నెలలు పడుతుంది అని చెప్పింది. ఆ మాట దాని తల్లి, అంటే నా కూతురు, పక్కనే కూర్చుని విన్నది. విని కూడా, అద్దం పెంకులు ఊడుస్తూ నోరు జారింది.

"ఎవలో ఏందో చేసిర్రే అవ్వా. ఎన్క ఇంటామె మొన్న దీని జడ పట్టుకొని సూడలే? గప్పటి సందే..."

మాట ముగియనివ్వలేదు. చెంప మీద ఒక్కటిచ్చాను. నలభై దాటిన ఆడది, చీపురు వదిలేసి నోరు తెరిచి నన్నే చూసింది. ఎందుకు కొట్టానో నోటితో చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక, ఈ మనవరాలి పలక మీద. తప్పులుంటే నా ఈడువాళ్లు మీరే సర్దుకోండి.

నేను బోధన్ పక్క పల్లెకు కాపురానికి వచ్చిననాడు ఎటు చూసినా చెరుకే. కోతల కాలంలో ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లు తెల్లారకముందే బారులు తీరేవి, వాడంతా బెల్లంపాకం వాసన వేసేది. మగవాళ్లు బండ్ల వెంట పోతే, మధ్యాహ్నం పని తెమిలాక ఆడవాళ్లం అరుగు మీద ఒకరి వెనక ఒకరం కూర్చుని తలలు దువ్వుకునేవాళ్లం. అందరి వెనకా మా చిన్నత్త కూర్చునేది. మా మామ తమ్ముడి భార్య, మొగుడు పోయిన మనిషి. చిక్కు ఎంత ముడిపడినా ఆమె చేతిలో నొప్పి తెలిసేది కాదు. దువ్వగా రాలినవి ఉండచుట్టి తన గోడగూట్లో దాచేది, వెంట్రుకలకు గిన్నెలిచ్చేవాడు వచ్చినప్పుడు వేయడానికి.

రెండో కాన్పు తర్వాత నా జుట్టు రాలడం మొదలైంది. రాలడమంటే రాలడం కాదు, తవుడు చెరిగినట్టు పోయింది. ఒళ్లు బరువు, మెడ కింద వాపు, ఎండాకాలంలో కూడా చలి. ఒకరోజు అన్నంలో వెంట్రుక వచ్చిందని మా ఆయన కంచం ఎత్తి మొహాన కొట్టాడు. పెదవి చీలి రక్తం పసిపిల్ల మీద పడింది. ఇంకోనాడు జడ పట్టి ఈడిస్తే సగం జడ అతని పిడికిట్లోకే వచ్చింది. దాన్ని చూసి నవ్వాడు. "బోడిదానితోని కాపురమేంది, ఇంకో పిల్లను తెచ్చుకుంట" అన్నాడు.

అప్పటినుంచి నేను అరుగు మీద కూర్చోవడం మానేశాను. రాలినవన్నీ పాత రవిక గుడ్డలో మూటకట్టి, ఎవరి కంటా పడకుండా చిన్నత్తకు ఇచ్చేదాన్ని. ఆమె ఏమీ అడిగేది కాదు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఒకనాడు మా అత్త నిప్పు కోసం చిన్నత్త ఇంట్లోకి పోయి గూట్లో ఆ మూట చూసింది. కోడలి రవిక గుడ్డ, అందులో కోడలి వెంట్రుకలు. ఇంకేం కావాలి? అరగంటలో వాడంతా చిన్నత్త వాకిట్లో ఉంది. చేతబడి, బాణామతి అన్నారు. మొగుణ్ని మింగింది, ఇప్పుడు కోడలిని మింగుతున్నది అన్నారు. మా ఆయన ఆమె కొప్పు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు, మరిది కర్రతో మోకాళ్ల మీద కొట్టాడు. ఆమె ఏడవలేదు. చెయ్యెత్తి నన్ను చూపించింది.

"గామెనే ఇచ్చింది. అడుగుండ్రి."

అందరూ నా దిక్కు తిరిగారు. ఒక్క మాట అంటే ఆగేది. నేనే ఇచ్చానని అంటే చాలు. కానీ ఇంత జుట్టు రాలుతుంటే ఇన్నాళ్లు మూటకట్టి దాచానని మా ఆయనకు తెలిస్తే సవతి వచ్చినట్టే అనుకున్నాను. అంతకంటే సిగ్గుచేటు సంగతి ఒకటుంది, అదీ చెబుతాను. తప్పు నా ఒంటిది కాదు, ఇంకొకరిది అని అంతమంది అంటుంటే నాకు ప్రాణం తేలికపడింది. పిల్లను రొమ్ముకు అదుముకుని తల దించుకున్నాను.

బాణామతి చేసేవాళ్ల ముందుపళ్లు పీకితే మంత్రం పలకదని మా దిక్కు నమ్మకం. ఎడ్లకు నాడాలు కొట్టే పట్కారు ఇంట్లోనే ఉంది. నలుగురు పట్టుకున్నారు. నాలుగు పళ్లు. ఆ చప్పుడు నేను రాయలేను.

మర్నాడే ఆమె కూతురు వేల్పూర్ నుంచి వచ్చి బండిలో పడుకోబెట్టుకుని తీసుకుపోయింది. నా జుట్టు రాలడం ఆగిందా? ఎందుకు ఆగుతుంది! మెడ వాపు పెరిగి మింగుడు పడకపోతే నిజామాబాద్ దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరమ్మ మెడ తడిమి, రక్తం తీయించి, థైరాయిడ్ అని చెప్పి, రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోమంది. శనగగింజంత లేదు. ఏడాది తిరిగేసరికి నెత్తిన కొత్త వెంట్రుకలు మొలిచాయి. ఒక్కొక్క వెంట్రుక మొలుస్తుంటే నాకు సూది దిగినట్టుండేది.

తట్టుకోలేక వేల్పూర్ పోయాను. చిన్నత్త ఉడికిన పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. పెదవులు లోపలికి పోయి ముసలిదైపోయింది. కాళ్ల మీద పడితే లేపి, కొంగు తీసి నా తల చూసింది. పసుపు వేళ్లతో పాపిట విడదీసింది.

"మంచిగనే మొలిచినయ్. ఏం మందు?"

మాత్ర అన్నాను. నా కొంగు మళ్లీ తల మీదికి లాగింది. తర్వాత అన్నది:

"నువ్వు చెప్తవనుకున్న బిడ్డా. నోట్ల ఇనుము పెట్టేదాక నీ దిక్కే సూసిన."

చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగేదాకా నిలబడింది. "ఇగ నడువు, బస్సు పోతది" అన్నది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఆనాటి పసిపిల్లే నిన్న నేను కొట్టిన కూతురు.

ఇప్పుడు చెరుకు బండ్లు లేవు, ఫ్యాక్టరీ పొగ లేదు. రోగాలకు పేర్లున్నాయి, మాత్రలున్నాయి, మనవరాలు తన పాపిటను తనే ఫోన్లో ఫోటో తీసి డాక్టరమ్మకు పంపుతోంది. మంచిదే, ఆనాటికంటే వందరెట్లు మంచిది. కానీ ఆ పిల్ల తలుపు గడియ పెట్టుకుని ఒక్కతే దువ్వుకుంటుంది. మా వాడలో ఆనాటి తర్వాత ఏ ఆడదీ ఇంకో ఆడదాని ముందు తల వంచి కూర్చోలేదు. నెత్తి ఇంకొకరి చేతుల్లో పెట్టి, మధ్యాహ్నపు ఎండలో కళ్లు మూసుకుని కునుకు తీసే ఆ సుఖం ఎలా ఉండేదో ఈ పిల్లలకు చెబుదామన్నా నాకు నోరు రాదు. ఆ సుఖాన్ని చంపినవాళ్లలో నేనూ ఉన్నాను.