ఖాళీ జీపు తూకం

ఆ వేసవంతా నేను షాకప్‌ల గురించి తప్ప ఇంకేమీ చదవలేదు. దిండు పక్కన ఒక నవల సగంలో బోర్లా పడి ఉండేది. నేను మాత్రం ఫోనులో, ఎవరో ఒకాయన జీపు కింద పడుకుని మాట్లాడే వీడియోలు చూస్తూ అన్నం తినేదాన్ని. జీపు బరువును మోసేవి కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీలు. గుంతలో పడగానే అవి ఎగురుతాయి. ఎగిరినదాన్ని భుజం పట్టి కూర్చోబెట్టేది షాకప్. ఇంత చిన్న సంగతి తెలిసినందుకు నాకు కలిగిన సంతోషం ఎవరికైనా చెప్పాలనిపించేది. అంత నోరు నాకు లేదు. అందుకని డైరీలో షాకప్ బొమ్మ గీసి, చుట్టూ పూలతీగ వేశాను.

జీపు పాతది. శామీర్‌పేట వైపు ద్రాక్షతోట తీసేసిన ఒక పెద్దమనిషి దాన్ని నాయినకు అమ్మాడు. నాయినకు మేడ్చల్‌లో టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, వంట పాత్రలు కిరాయికి ఇస్తాడు. జీపు ఇంటికొచ్చిన రోజు, "నేర్చుకో బిడ్డా, గిది నీకే" అన్నాడు. నేర్చుకున్నాను. గౌడవెల్లి దాటాక వచ్చే మట్టిబాటల మీద, శామీర్‌పేట అవతల బండల మధ్య, ఫస్టు గేరులో పాకుతూ, పక్కన ఎవరూ లేరు కదా అని గొంతెత్తి పాడుతూ తిరిగాను. ఈలోగా పట్టీలు అరిగిపోయి జీపు కూలబడింది. ప్రతి రాయికీ పొట్ట రాసుకునేది. కొత్త పట్టీలు, కొత్త షాకప్‌లు వేసి కాస్త పైకి లేపితే తప్ప ఇక కదలనంది.

ఆ పని చేసే షాపు హైవే పక్కనే ఉంది. షాపతనికి వయసు నాకంటే కొంచెం ఎక్కువ, మాటలు చాలా ఎక్కువ.

"ఎంత లేపమంటవు అక్కా? నాలుగు ఇంచులు లేపుత. నువ్వు పోతాంటె లారీలు సైడిస్తయి."

నాకు రెండు చాలు. మరీ లేపితే మలుపుల్లో ఒరుగుతుందని చదివాను. ఆ మాట గొంతుదాకా వచ్చి అక్కడే చతికిలబడింది. రెండు వేళ్లు చూపించాను.

"గంతేనా?" అని అతను నా వెంట వచ్చిన నాయిన వైపు తిరిగాడు. "కాకా, ముందుగాల రోజు ఎంత బరువు మోస్తదో చెప్పుండ్రి. మోసే బండికి ఒక పట్టీ ఎక్కువెయ్యాలె. గట్టి పట్టీలేసి ఖాళీగ తిప్పితె కుందేలు లెక్క ఎగురుతది. రోజు ఎట్ల తిప్పుతరో గట్లనే తీస్కపోయి, రేపు లారీలు తూచే ధర్మకాంట మీద తూకం ఏపిచ్చుకొని రాండ్రి."

మర్నాడు పొద్దున బయటికొచ్చి చూస్తే జీపు వెనక భాగం కనబడలేదు. అన్నం వండే పెద్ద డేక్షాలు, వాటి మూతలు, పైన కుర్చీల దొంతరలు. నాయిన తాడు బిగిస్తున్నాడు.

"రోజు ఎట్ల తిప్పుతరో గట్ల అన్నడు గద" అన్నాడు.

ఆయన మోసం చేయడం లేదు. టెంట్ హౌస్ మనిషికి నాలుగు చక్రాల మీద ఖాళీ జాగా కనబడితే చెయ్యి ఊరుకోదు, అంతే. పైగా పెళ్లిళ్లు ముందున్నాయి. కానీ ఈ బరువుకు తగ్గ పట్టీలు ఒకసారి బిగించాక జీపు కుర్చీలది అయిపోతుంది. నేనొక్కదాన్నీ బండల మధ్యకు తీసుకెళ్తే నా ఒళ్లు హూనం అవుతుంది. జీపు నాదో, కుర్చీలదో ఈ రోజే తేలాలి. ఆ మాట అడగాల్సింది నేను. అడగకుండా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను.

నాయిన అమ్మను కూడా పిలిచాడు. "సామాను లెక్కజూసుకోను నువ్వు గూడ వస్తవు గద. నీ బరువు గూడ పడాలె, ఎక్కు."

"నా బరువు అందరి ముందట చదువుతరా?"

"నీదొక్కదానిదే చదువరు. డేక్షాలతోని కలిపి చదువుతరు."

"గది ఇంకా మంచిగుంది" అంటూనే అమ్మ ఎక్కి కూర్చుంది.

ధర్మకాంట దగ్గర మాకు ముందు కంకర లారీ, వెనక ఇటుకల లారీ. మా వంతు వచ్చాక కాంట మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి, "పెండ్లి యాడ?" అని అడిగాడు. అమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది, అలా చేస్తే తక్కువ తూగుతుందని. అది చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే జీపు ఊగింది.

"నవ్వకుండ్రి. అంకె నిలుస్తలేదు" అన్నాడు కాంట మనిషి.

దాంతో అమ్మ బిగబట్టిన ఊపిరి కాస్తా నవ్వై బయటపడింది. ఆ వెంటనే నాయిన కూడా. వెనక ఇటుకల లారీ హారన్ కొడుతోంది, మేము ముగ్గురం కళ్లు తుడుచుకుంటున్నాం, డేక్షా మూతలు గలగలమంటున్నాయి. చివరికి ఎలాగో తూకం చీటీ చేతికొచ్చింది.

షాపతను చీటీ చూసి తల పంకించాడు. "గట్టి పట్టీలే గావాలె కాకా. మీద ఇంకో పట్టీ." లోపలికెళ్లి ఒక ఎర్ర షాకప్ పట్టుకొచ్చాడు. "రంగు గిది ఓకేనా అక్కా?"

కాంట మీది నవ్వు నాలో ఇంకా మిగిలే ఉంది. బహుశా దాని బలంతోనే కావచ్చు, నేను వెనక్కి వెళ్లి తాడు విప్పాను. ఒక డేక్షా దించి షాపు ముందు పెట్టాను. ఇంకొకటి దించాను. తరువాత కుర్చీలు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

చేతిలోని మూత జారి సిమెంటు మీద గుండ్రంగా తిరుగుతూ మోగింది. ఆ మోత ఆగేదాకా ఆగి చెప్పాను. "రోజు తిప్పేది నేను గద నాయిన. నాతోని గివేం ఉండయి. ఖాళీగ తూపిద్దాం."

"మరి కుర్చీలు?"

"కుర్చీలకు మన ట్రాలీ ఆటో ఉంది."

"పెండ్లిల్ల దినాల ఒక్క ఆటో సరిపోతదా?"

"ఇంకో ఆటో కిరాయికి మాట్లాడు. జీపు నాకే అన్నవు."

నేను అన్నానా ఆ మాట అని నాకే అనుమానం వచ్చింది. నాయిన దించిన కుర్చీలను, ఖాళీ అయిన జీపును మార్చి మార్చి చూశాడు. అమ్మ ముందు సీట్లోంచి అడిగింది, "గట్లయితె నేను గూడ దిగాల్నా?"

"అందరి కంటె ముందుగాల నువ్వే దిగాలె" అన్నాడు నాయిన. తరువాత దొంతరలోంచి ఒక కుర్చీ లాగి, తన షాపే అన్నట్టు కూర్చున్నాడు. "అవు, అన్న బిడ్డా. నీకే అన్న. పో, తూపిచ్చుకొని రా."

నేను బండి తిప్పుతుంటే స్కూటరు మీద పోయే ఒకాయన ఆగి, "ఈడ ఫంక్షనా?" అని అడగడం వినబడింది. "కూసో అన్నా, ఇప్పుడే వడ్డిస్తరు" అంది అమ్మ.

ఖాళీ జీపు తూకం చీటీతో షాపుకు తిరిగొచ్చాక మాటలు వాటంతట అవే వచ్చాయి. మెత్తటి పట్టీలు కావాలన్నాను. ఎత్తు రెండే ఇంచులు. లేపాక పాత షాకప్‌ల పొడుగు చాలదు, చివరిదాకా సాగి విరిగిపోతాయి, కాబట్టి ఎత్తుకు తగ్గ పొడుగువి కావాలన్నాను. రంగు ఏదైనా పరవాలేదన్నాను, తరువాత ఎర్రవే అన్నాను.

"ఇంతసేపు గీ ముచ్చటంత ఏడ దాసినవ్ అక్కా?" అన్నాడు షాపతను.

కొత్త పట్టీలు బిగించాక వచ్చిన ఆదివారం నాయినను పక్కన కూర్చోబెట్టుకుని శామీర్‌పేట అవతలికి వెళ్లాను. జీపు రాయి మీదికి ఎక్కింది, పొట్ట తగల్లేదు. దిగింది, ఒక్కసారి ఊగి, బుద్ధిగా కూర్చుంది. నాకు కేక పెట్టాలనిపించింది. నాయిన పక్క కడ్డీ పట్టుకుని, నా పాదాల వంకే చూశాడు.

"ఒక్కసారి నన్ను నడుపనిస్తవా?" అని అడిగాడు.

"గా బండ దాటినంక ఇస్త."

బండ దాటాం. ముందు ఇంకో బండ ఉంది. దాన్ని చూపించాను.