వీధివైపు తలుపు

మా పెద్దమ్మకు ‘మనం’ అనే మాటంటే మహా ఇష్టం. “ఇవాళ మనం గిన్నెలు తోమేద్దాం” అంటుంది. తోమేది నేను. “మనం బస్సు డిపో పక్క కొట్టు దాకా వెళ్లి దారపు ఉండలు తెచ్చేసుకుందాం” అంటుంది. ఎండలో నడిచేది నేను. ఆ మాటలో తను ఉన్నట్టే ఉంటుంది, పని దగ్గరికొచ్చేసరికి మెల్లగా జారుకుంటుంది. దీని మీద ఎన్నిసార్లు గొడవపడ్డా లాభం లేకపోయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. దర్జీ. వయసులో ఉన్నప్పుడు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఒక్క కాలర్లే. “నా చేతిమీదుగా పోయిన చొక్కా ఒక్కటీ పూర్తిగా చూడలేదురా” అంటుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మిషన్ కొనుక్కుని మా ముందుగదిలో వేసుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు “కొలతలు కుదరలేదు” అని చెబుతుంది.

పని చేస్తున్నంతసేపూ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే ఉంటుంది. అప్పుడు ఏం అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: “ఊఁ”. ఆ ‘ఊఁ’కి అవునని, కాదని, వింటున్నానని, ఇక్కణ్ణుంచి పొమ్మని, ఇన్ని అర్థాలున్నాయి. ఏది ఏదో తెలియాలంటే ఆవిడ కనుబొమలు చూడాలి. మా ఇంట్లో అందరికీ తెలుసు. బయటివాళ్లకు తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా వీధి చివర, ఒకప్పటి సబ్బుల గోదాములో ఒక బడి ఉంది. లాభం చూసుకోకుండా ఒక ట్రస్టు నడిపే బడి. దాని అసలు పేరు బోర్డు మీద రెండు వరుసలు ఉంటుంది. ప్రకృతి, జీవనం, భవిష్యత్తు అన్నీ ఉన్నాయందులో. వీధిలో అందరూ ‘చెత్తబడి’ అంటారు. తిట్టు కాదు, ముద్దుపేరే. అక్కడి పిల్లలు లెక్కలూ సైన్సూ నేర్చుకుంటూనే చెత్త వేరుచేస్తారు, ఎరువు చేస్తారు, వాననీళ్లు పట్టి నిలవచేస్తారు, పాడైన ఫ్యాన్లు విప్పి చూస్తారు. దేన్నీ ఊరికే పారెయ్యకూడదన్నది వాళ్ల చదువు.

ఆ బడి పెట్టిన పెద్ద మాస్టారు ఒకసారి చిరిగిన సంచీ పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వచ్చారు. కుట్టించుకుని వెళ్లకుండా, ఎలా కుట్టారో మళ్లీ చూపించమన్నారు. అలా మొదలైంది. గోదాము పక్కనున్న పొడుగాటి గదిని ఆవిడకు అప్పగించారు. దానికి రెండు తలుపులు. ఒకటి బడి ఆవరణలోకి, ఇంకొకటి సరాసరి వీధిలోకి. పిల్లలు ఇటునుంచి వస్తారు, వీధిలోవాళ్లు అటునుంచి వస్తారు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటారు. జిప్పు ఊడిన బ్యాగు, చిరిగిన గొడుగు, వైరు తెగిన ఇస్త్రీపెట్టె, ఏదైనా తేవచ్చు. కానీ పెద్దమ్మ కుట్టివ్వదు. గుడ్డ రెండో కొస పట్టుకుని పక్కన కూర్చుంటుంది, అంతే. “ఇది కుట్టిచ్చే కొట్టు కాదు, కుట్టుకునే కొట్టు” అని అందరికీ ముందే చెప్పేస్తుంది. కొందరు విసుక్కుని వెళ్లిపోయేవాళ్లు. చాలామంది మళ్లీ వచ్చేవాళ్లు.

నేనూ ఆ తలుపులోంచే లోపలికి వెళ్లాను. కాలేజీ మధ్యలో మానేసి ఇంట్లో కూర్చున్న రోజులవి. నాన్న నాతో మాట్లాడ్డం మానేసి, నాకు వినబడేలా గోడతో మాట్లాడేవాడు. పెద్దమ్మ సలహాలేమీ ఇవ్వలేదు. “రేపట్నుంచి మనం బడికెళ్దాం” అంది. ఆ ఒక్కసారి మాత్రం ఆ మాటలో నిజంగానే తను కూడా ఉంది. బల్లకు ఆ చివర తను సూది పట్టుకుంది, ఈ చివర సైన్సు టీచరు నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చింది. ఏం చదివావని ఎవరూ అడగలేదు. ఇవాళ నేను మోటార్లు, పంపులు బాగుచేసి బతుకుతున్నానంటే ఆ బల్ల పుణ్యమే. ఇది మొహమాటం కోసం రాస్తున్న మాట కాదు.

మాస్టారికి ఆరోగ్యం దెబ్బతిని, కూతురి దగ్గరికి వెళ్లిపోయాక బడి ట్రస్టు కమిటీ చేతిలోకి వచ్చింది. మంచివాళ్లే. జీతం తీసుకోకుండా పనిచేసేవాళ్లే. కానీ ఏం జరుగుతోందో బయటికి తెలిసేది కాదు. తోటపని నేర్పే ఆయన ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఎరువు గుంటల చుట్టూ కంచె పడింది. పిల్లల తల్లిదండ్రులు ఏం అడిగినా “కమిటీ చూసుకుంటుంది” అన్న జవాబే. ఆ కమిటీలో ఎవరున్నారు, వాళ్లను ఎవరు ఎన్నుకున్నారు, ఎన్నాళ్లుంటారు, ఎవరికీ తెలియదు. బడి ఎదురుగా టీ బండి నడిపే అన్న ఒకటే అనేవాడు: “దయ్యాన్ని చూశానన్నవాడు ఉన్నాడు గానీ, కమిటీని చూశానన్నవాడు లేడు.”

కమిటీలో మాకు కనబడేది సెక్రటరీ ఒక్కడే. పెద్ద మాస్టారి మేనల్లుడు. పగలంతా వేరేచోట ఉద్యోగం, సాయంత్రం మోటార్‌సైకిల్ మీద బడికి పరుగు. తిండి కూడా నిలబడే తినే మనిషి. ఒకరోజు పెద్దమ్మ పరదా అంచు మడిచి సూదులు గుచ్చుతుంటే వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే చెప్పాడు: “పెద్దమ్మా, వచ్చే నెలనుంచి మనం ఈ వీధి తలుపు మూసేద్దామని నిర్ణయించుకున్నాం.”

పెద్దమ్మ “ఊఁ” అంది.

అతను “థ్యాంక్స్ పెద్దమ్మా, మీరు అర్థం చేసుకుంటారని తెలుసు” అని, పెద్ద బరువు దింపుకున్నవాడిలా వెళ్లిపోయాడు. నేను కనుబొమలు చూశాను. అవి నెత్తికెక్కి ఉన్నాయి. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసేసరికి మోటార్‌సైకిల్ వీధి మలుపు తిరిగిపోయింది.

రెండు రోజుల్లో మాట వీధంతా పాకింది. తలుపు మూసేస్తారన్నదొక్కటే అయితే ఆవిడ అంత బాధపడేది కాదు. “పెద్దమ్మగారు కూడా ఒప్పుకున్నారట” అన్నది దానికి తోక. డిపోలో రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే కుట్టుకోడానికి వచ్చే కండక్టర్లు గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావచ్చా అని అడగడం మొదలుపెట్టారు. ఒక పిల్లాడి తల్లి మొహం మీదే అనేసింది, బడివాళ్లతో కలిసిపోయి వీధివాళ్ల కడుపు కొట్టారని. పెద్దమ్మ ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది గానీ తొక్కలేదు.

“వెళ్లి చెప్పొచ్చు కదా, నేను ఒప్పుకోలేదని” అన్నాను.

“ఎవరికి చెప్పాలి? ఆ అబ్బాయికి చెబితే కమిటీ అంటాడు. కమిటీ గుమ్మం ఎటువైపుందో నువ్వేమన్నా చూశావా?” అంది. మళ్లీ తనే, “ఆ తలుపు మూసుకుపోతే నేను లోపల టీచర్ని అయిపోతాను. నాకు టీచరు పని రాదు. పక్కన కూర్చోడం ఒక్కటే వచ్చు” అంది.

తల్లిదండ్రులూ వీధిలోవాళ్లూ కలిసి మీటింగు పెట్టమని పట్టుబట్టారు. ట్రస్టు అధ్యక్షురాలికి ఫోను చేసింది టీ బండి అన్నే. ఆవిడ రిటైరైన డాక్టరు. బడికి ఎప్పుడోగాని రాదు. వస్తానంది. వచ్చింది కూడా. ఆదివారం పొద్దున ఆ పొడుగాటి గదిలోనే కూర్చున్నాం. కుర్చీలు చాలక కొందరు బల్లలెక్కారు, కొందరు ఆ వీధి తలుపు గడప మీదే సర్దుకున్నారు.

సెక్రటరీ లేచి చాలా మర్యాదగా మాట్లాడాడు. మన బడి, మన లక్ష్యం, మనందరి మంచి కోసం మనం తీసుకున్న నిర్ణయం. వెనక ఎవరో గొణిగారు. ఇంకెవరో తోటపని ఆయన సంగతేమిటని అడిగారు. నాలుగు వైపులా గొంతులు లేచాయి. ఎవరి మాట ఎవరికీ వినబడలేదు.

పెద్దమ్మ లేచి నిలబడింది. అంతమందిలో మాట్లాడ్డం ఎప్పుడూ చూడలేదు నేను. చేతిలో ఏమీ లేకపోతే ఆవిడకు తోచదు. బల్ల మీది గుడ్డముక్క ఒకటి తీసుకుని మడతలు పెడుతూ మాట్లాడింది.

“బాబూ, ముందు ఒక సంగతి. ఆ రోజు నా నోట్లో సూదులున్నాయి. ఊఁ అన్నాను గానీ ఒప్పుకోలేదు. అది నీ తప్పు కాదు, వినేవాళ్లకు అలాగే ఉంటుంది.”

కొందరు నవ్వారు.

“రెండో సంగతి. నువ్వు మనం మనం అంటున్నావు. నేనూ ఆ మాట అనేదాన్నే. కావాలంటే మావాణ్ణి అడుగు. మనం గిన్నెలు తోముదాం అంటే తోమేది వాడు. అందుకే నీ నోట వినగానే గుర్తుపట్టేశాను.”

ఈసారి నవ్వు గదంతా పాకింది. అందరూ నావైపు తిరిగారు. నేను తల ఊపాను, ఇంకేం చేస్తాను.

“మేము మూసేశాం అనండి. అప్పుడు ఎందుకు మూశారని మేము అడుగుతాం. మనం మూసేశాం అంటే ఎవరిని అడగాలి చెప్పు? నన్ను నేనే అడుక్కోవాలా?”

సెక్రటరీని చూస్తే జాలేసింది కూడా. అన్ని పనులూ ఒక్కడి నెత్తినే పడ్డాయి. మాట మెత్తగా ఉంటుందని వాడుకున్నాడే తప్ప మోసం చేద్దామని కాదు. అతను ఏదో మొదలుపెట్టేలోగా డాక్టరమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

“మేము,” అంది. “మేము ఐదుగురం మా ఇంట్లో కూర్చుని అనుకున్నాం. మిమ్మల్ని అడగలేదు. తోటపని ఆయన తల్లికి బాగోక ఊరెళ్లాడు, అది కూడా మీకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.”

గది ఒక్కసారిగా చల్లబడింది. దెబ్బలాటకు వచ్చినవాళ్లకు ఎదుటివాడు తప్పు ఒప్పేసుకుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. అప్పుడు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఒక ఉదయం వీధిలోంచి వచ్చిన ఒకాయన, పిల్లలు పనిచేస్తుండగా, ఎవరికీ చెప్పకుండా డ్రిల్లు మెషిను ఆన్ చేశాడు. పక్కనున్న పాప చేతికి వెంట్రుకవాసిలో ముప్పు తప్పింది. రేపు నిజంగా ఏదైనా జరిగితే ఆ తల్లిదండ్రులకు ఏం జవాబు చెప్పాలి? ఆ భయంతోనే తలుపు మూసేద్దామనుకున్నారు.

పెద్దమ్మ గుడ్డ మడత ఆపేసింది. “అది నిజమే. ఆ రోజు నేను మిషన్‌లో దారం ఎక్కిస్తున్నాను, చూడలేదు” అంది. “ఇదే ముందు చెప్పుంటే నేనే గడియ వేసేదాన్ని కదమ్మా.”

ఆ తర్వాత మాటలు మాటల్లా సాగాయి. ఎవరికీ అన్నీ దక్కలేదు. ఉదయం పిల్లల క్లాసులున్నంతసేపూ వీధి తలుపు మూసి ఉంచాలని, మధ్యాహ్నం తెరవాలని తేల్చారు. కరెంటు పనిముట్ల బీరువా తాళం సైన్సు టీచరు దగ్గర ఉంటుంది. కమిటీ మీటింగులు ఇకనుంచి బడిలోనే, ఎవరైనా వచ్చి వినొచ్చు. వీధి తరఫున ఒకరు, తల్లిదండ్రుల తరఫున ఒకరు కమిటీలో కూర్చుంటారు. పెద్దమ్మను కూర్చోమన్నారు. ఒప్పుకోలేదు. “మాటలెక్కువున్నవాణ్ణి కూర్చోబెట్టండి, పని తెలుస్తుంది” అని టీ బండి అన్నను చూపించింది. తల్లిదండ్రుల తరఫున ఎన్నికైంది, మొహం మీద అనేసిన ఆ తల్లే. మీటింగు అయ్యాక ఆవిడ వచ్చి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ ఆ చెయ్యి వదలకుండానే, జాకెట్టు బొత్తాం ఊడేలా ఉంది, మధ్యాహ్నం రా అంది.

ఆ మీటింగు గురించి తలచుకున్నప్పుడల్లా నాకు కృతజ్ఞతే కలుగుతుంది, ముఖ్యంగా డాక్టరమ్మ పట్ల. పెద్దవాళ్లు ఒక గదినిండా ఉన్న మనుషుల ముందు “అడగలేదు” అని అనడం నేను అంతకుముందు వినలేదు. కాలేజీలో వినుంటే ఏమయ్యేదో తెలియదు.

కాకపోతే పెద్దమ్మకు ఒక వెలితి మిగిలింది. కండక్టర్లకు కుదిరేది పొద్దున్నే. డ్యూటీ దిగి ఇంటికెళ్లి నిద్రపోతే మళ్లీ సాయంత్రానికిగాని లేవరు. కొత్త పద్ధతి మొదలైన ఉదయం, తలుపు మూసి ఉండగా, ఒక కండక్టరు తెగిన బ్యాగు పట్టీతో వచ్చి, తాళం చూసి, వెనక్కి తిరగబోయాడు. పెద్దమ్మ బడి గేటులోంచి చుట్టూ తిరిగి బయటికి వచ్చింది. చేతిలో ముక్కాలిపీట, లావు సూది. మూసిన తలుపు ముందు మెట్టు మీద పీట వేసుకుని, అతన్ని పక్కన కూర్చోమని, పట్టీ రెండో కొస పట్టుకుంది.

అదే సమయానికి సెక్రటరీ ఉద్యోగానికి వెళ్తూ చూశాడు. మోటార్‌సైకిల్ ఆపాడు. మెట్టు బడిదా, వీధిదా అని ఆలోచిస్తున్నట్టు కాసేపు తలుపువైపు చూశాడు. పెద్దమ్మ ముందే అడిగేసింది:

“మెట్టు మీద కూర్చోడానికి కూడా కమిటీ ఒప్పుకోవాలా బాబూ?”

“తెలియదు పెద్దమ్మా. శనివారం మీటింగులో అడుగుదాం, మీరూ రండి” అన్నాడు. బండి స్టాండు వేసి, దిగి, ఆవిడను లేవమని పీటను తనే నీడలోకి జరిపాడు.